బర్మా టేకు: రాజు పోయాడు, దొర పోయాడు, గొడ్డలి పోలేదు

మోతుబరి ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకుంటే ముందుగా చూపించేది సింహద్వారం. తలుపు తట్టి మరీ చెప్తాడు, "బర్మా టేకు" అని. ఇటుక ఎక్కడిదో చెప్పడు, ఇసుక ఎక్కడిదో చెప్పడు. ద్వారబంధానికి మాత్రం ఒక దేశం పేరు తగిలిస్తాడు. ఒక దేశం పేరు ఒక కర్రకు అంటుకుపోయిందంటే దాని వెనక వున్నది చిన్న వ్యాపారం కాదు. యుద్ధాలుంటాయి, చట్టాలుంటాయి, ఓడలుంటాయి, ఆ ఓడల్లో కూలీలుంటారు. ఆ కూలీల్లో మనవాళ్లు వేలకు వేలు వున్నారు. అందుకే ఈ సంగతి మన పేజీలో రాస్తున్నాం.

బర్మాను అక్కడి సైనిక ప్రభుత్వం 1989లో మయన్మార్ అని మార్చింది. మేము పాత పేరే వాడుతున్నాం. మన పల్లెల్లో పాతవాళ్లయితే బర్మా అని కూడా అనరు, "రంగం" అంటారు. రంగూన్ పట్నం మన నోట రంగమైంది. శ్రీకాకుళం వైపు సంఘం పనిమీద తిరిగినప్పుడు "మా తాత రంగం ఎల్లి మరి రానేదు బాబూ" అన్న మాట మాకు ఒక్క ఊళ్లో కాదు, చాలా ఊళ్లలో వినబడింది.

చెట్టును చంపి నిలబెట్టాలి

ముందు పని సంగతి. టేకు పచ్చిగా వుంటే మహా బరువు, ఏట్లో పడేస్తే మునిగిపోతుంది. కనుక చెట్టు మొదట్లో చుట్టూ బెరడూ, దాని కింద తెల్లచెక్కా లోపలి చేవదాకా గొడ్డలితో ఉంగరంలా తీసేస్తారు. చెట్టు నిలువునా చస్తుంది. అలా రెండు మూడేళ్లు ఎండనిచ్చి అప్పుడు పడగొడతారు. పడ్డ మాను దగ్గరికి బండి పోయే దారి వుండదు. ఏనుగులే ఈడ్చుకొచ్చి వాగులో వేయాలి. వానాకాలం వాగు పొంగితే దుంగలు కొట్టుకొచ్చి పెద్ద యేట్లో పడతాయి. అక్కడ వాటిని తెప్పలుగా కట్టి ఐరావతి మీద రంగూన్‌కో, సాల్వీన్ మీద మౌల్మేన్‌కో దించుతారు. వాన సరిగా పడకపోతే దుంగ వాగులోనే ఏడాది పడివుంటుంది. ఈవేళ గొడ్డలి పడ్డ చెట్టు రేవుకు చేరేసరికి కొన్నేళ్లు పట్టేది. అన్నేళ్లు పెట్టుబడి పెట్టి కాచుకోగలవాడు బక్క వ్యాపారి కాడు గదా! ఈ వ్యాపారం పెద్ద కంపెనీల గుప్పిట్లోకి పోవడానికి అదొక కారణం.

ఇంకో మాట. ఏనుగు ఎండాకాలం పని చేయలేదు. అందుకని ఆ నెలల్లో దానికి పూర్తి సెలవు. ముసలిదై యాభై అయిదో అరవయ్యో ఏళ్లు వస్తే పనినుంచి తప్పించి అడవిలోనే మేపుతారు. అదే అడవిలో గొడ్డలి పట్టిన మనిషికి సెలవూ లేదు, పెన్షనూ లేదు. ఏనుగును కొనాలంటే డబ్బు పెట్టాలి, కూలీ ఊరికే దొరుకుతాడు. తేడా అంతే.

ఓక్ అయిపోయాక టేకు

బర్మా రాజుల కాలంలో టేకు రాజుగారి చెట్టు. దాన్ని నరికించి అమ్మే హక్కు రాజుదే. అప్పుడూ విదేశీ వ్యాపారం వుంది. 17వ శతాబ్దంలో మన మచిలీపట్నం వర్తకులు గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో పెగూతో, అరకాన్‌తో సరుకులు మార్చుకునేవారు. పెగూ రాజ్యంలోని సిరియం రేవులో 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు ఓడలు కట్టించారు. కాని ఇదంతా అడవిని ఖాళీ చేసేటంత వ్యాపారం కాదు.

అసలు గిరాకీ ఇంగ్లండు నౌకాదళంతో వచ్చింది. ఇంగ్లండు యుద్ధనౌకలన్నీ ఓక్ కర్రతో కట్టినవి. 18వ శతాబ్దం చివరికి వాళ్ల ఓక్ అడవులు తరిగిపోయాయి, ఫ్రాన్సుతో యుద్ధాలు మాత్రం తరగలేదు. టేకు ఓక్ కన్నా ఎక్కువ కాలం మన్నుతుంది. దానిలో వున్న నూనె వల్ల చెద పట్టదు, లోపల కొట్టిన ఇనుప మేకు తుప్పు పట్టదు. కనుక కుంఫిణీ కన్ను మొదట మలబారు టేకు మీద పడింది. 1806లో వాట్సన్ అనే కెప్టెన్‌ను అక్కడ అడవుల అధికారిగా పెట్టి, 1807లో టేకు మొత్తం కుంఫిణీదే అని చాటించారు. తన పెరట్లో చెట్టు తాను కొట్టుకోకూడదన్నమాట. జనం, వర్తకులు గొడవపెట్టగా 1823లో ఆ గుత్తాధికారం ఎత్తేశారు. ఎత్తేసింది మద్రాసు గవర్నరుగా వున్న థామస్ మన్రో. మన సీమలో పూర్వం కలెక్టరుగా చేసిన ఆ మన్రోయే. ఆ ఎత్తేయడం కూడా చెట్టు మీద దయతో కాదు, కొట్టగలిగినంత కొట్టేశాక.

మలబారు పలచబడగానే దృష్టి బర్మాకు మళ్లింది. మొదటి యుద్ధం 1824లో మొదలై 1826 ఫిబ్రవరిలో యాండబో సంధితో ముగిసింది. అరకాన్, తెనాసరిం తెల్లవాళ్ల పాలయ్యాయి. తెనాసరింలో వున్నవి మంచి టేకు అడవులు. కొద్దికాలం ప్రభుత్వమే నడిపి, 1829లో ప్రైవేటు వాళ్లకు తలుపులు తీసింది. మౌల్మేన్ పేరు ప్రపంచమంతా మోగింది. ఓడలు కట్టే కార్ఖానాలు లేచాయి. రెండు మూడు దశాబ్దాలు తిరిగేసరికి ఆ చుట్టుపట్ల మంచి టేకు మిగల్లేదు. కోసిన కాంట్రాక్టర్లకు ఒక్క మొక్క నాటాలన్న జ్ఞానం లేదు. రేపటి పంట తనది కానప్పుడు నాటడం వాడికెందుకు?

1852లో రెండో యుద్ధం. ఈసారి పెగూ, రంగూన్ పోయాయి. పెగూ అడవుల్లో టేకంతా సర్కారు ఆస్తి అని ప్రకటించారు. రాజు చెట్టు దొర చెట్టయింది. మధ్యలో వున్న రైతుకు ఏ తేడా లేదు.

వెదురు ముక్కల మీద లెక్క

1856లో పెగూ అడవులకు డైట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు అధికారిగా వచ్చాడు. పనిమంతుడే, కాదనడం లేదు. ఏనుగు మీద కూర్చుని అడవంతా తిరిగాడు. చేతిలో వెదురు ముక్కలు, చాకు. చెట్ల లావును బట్టి తరగతికొక ముక్క. కంటబడిన ప్రతి టేకు చెట్టుకూ ఆ తరగతి ముక్క మీద ఒక గాటు. వానలో కాగితం తడుస్తుంది, వెదురు తడిసినా గాటు చెరగదు. అలా అడవి మొత్తం అంచనా కట్టి, ఆరడుగుల చుట్టుకొలత దాటిన చెట్టే కొట్టాలనీ, ఏటా ఇన్నే కొట్టాలనీ నియమం పెట్టాడు. కాంట్రాక్టర్లు నానా యాగీ చేశారు.

ఇక్కడే మనం జాగ్రత్తగా చూడాల్సిన సంగతి వుంది. ఆ అడవుల్లో కరెన్ అనే కొండజాతివాళ్లున్నారు. వాళ్ల సేద్యం మన మన్యంలో పోడు లాంటిదే. బర్మా మాటలో దాన్ని "తౌంగ్యా" అంటారు, కొండచేను అని అర్థం. చెట్లు కొట్టి, తగలబెట్టి, ఒకటి రెండేళ్లు వరి, పత్తి పండించి, భూమిని బీడు వదిలి ముందుకు పోతారు. మొదట అధికారులు దీన్ని నేరమన్నారు. తర్వాత బ్రాండిస్‌కు ఒక ఉపాయం తోచింది. పోడు కొట్టుకోండి, వరి నాటుకోండి, దాని మధ్యన మాకు టేకు మొక్కలు నాటి బతికించండి, బతికిన మొక్కకు ఇంత అని డబ్బిస్తాం అన్నాడు. రెండేళ్లకు రైతు వెళ్లిపోతాడు. పొలం మాత్రం తిరిగి పొలం కాదు, సర్కారు టేకు తోట అవుతుంది. రైతు ఎన్నిసార్లు పోడు కొడితే అతని పిల్లలకు పోడు కొట్టే జాగా అంత తగ్గుతుంది. తన కాళ్ల కింద నేలను తన చేతులతోనే తవ్వించారన్నమాట! ఈ పద్ధతి బాగా గిట్టిందని బర్మానుంచి ఆసియా, ఆఫ్రికా దేశాలకు తీసుకుపోయారు. ఈనాటికీ అటవీశాస్త్రం పుస్తకాల్లో దాని పేరు తౌంగ్యాయే. బర్మా మాట శాస్త్రంలో నిలిచింది, కరెన్‌వాళ్ల చేను నిలవలేదు.

బర్మాలో ఈ బడి చదివిన బ్రాండిస్ 1864లో మొత్తం ఇండియాకే అడవుల పెద్దయ్యాడు. 1878లో ఇండియా అడవుల చట్టం వచ్చింది. మద్రాసు రాజధానిలో దాన్ని నేరుగా అమలు చేయడం కుదరక ఆగితే, బ్రాండిస్ మద్రాసు వచ్చి సలహా చెప్పాక 1882లో మద్రాసు అడవుల చట్టం తయారయింది. మన గోదావరి మన్యంలో పోడు కొట్టినవాడిని, పశువు తోలినవాడిని, కట్టెపుల్ల ఏరినవాడిని దొంగను చేసింది ఆ చట్టమే. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన మన్యం జనానికి ఈ అడవి ఆంక్షలే కడుపుమంట. ఐరావతి ఒడ్డున వెదురు ముక్క మీద పెట్టిన గాటు గోదావరి ఒడ్డున మన వీపు మీద తేలింది.

దుంగల లెక్క, దేశం జప్తు

ఎగువ బర్మా ఇంకా రాజు చేతిలోనే వుంది. 1863లో బొంబాయిలో వాలెస్ సోదరులనే స్కాట్లండు వర్తకులు బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ పెట్టారు. మిండాన్ రాజు దగ్గర నింగ్యాన్ అడవులు కౌలుకు తీసుకున్నారు. దుంగకు ఇంత అని రాజుకు కట్టాలి. దుంగలు సిట్టాంగ్ యేటి మీద బ్రిటిష్ ఇలాకాలోకి దిగిపోతాయి. ఎన్ని దిగాయో రాజుకు ఎలా తెలుస్తుంది? తాటిచెట్టు కల్లు గీసుకునేవాడే లెక్క చెప్పినట్టు.

1885లో థీబా రాజు మంత్రిసభ విచారణ జరిపి, కంపెనీ చూపించినదానికన్నా చాలా ఎక్కువ దుంగలు దాటించిందని తేల్చింది. సుమారు 23 లక్షల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ గోల పెట్టింది. రంగూన్ తెల్ల వర్తకుల సంఘం అంతకుముందునుంచే ఎగువ బర్మాను కలిపేసుకోమని అరుస్తోంది. అక్టోబరు 22న వైస్రాయి డఫ్రిన్ తరఫున తుది హెచ్చరిక పోయింది. నవంబరు మధ్యలో సైన్యం సరిహద్దు దాటింది, 28న మాండలే పడిపోయింది. రెండు వారాల యుద్ధం! థీబాను రత్నగిరికి పంపేశారు, అక్కడే 1916లో చచ్చిపోయాడు. 1886 జనవరి 1న దేశాన్ని కలిపేసుకున్నట్టు ప్రకటించారు.

కేవలం దుంగల కోసమే యుద్ధం చేశారని మేము అనడం లేదు. ఫ్రెంచివాళ్లు మాండలేలో పాతుకుపోతారన్న భయం వుంది, చైనాకు దారి చేసుకోవాలన్న ఆశ వుంది. దుంగల తగాదా చేతికందిన సాకు. అయితే సాకు చెప్పిన కంపెనీకి ఫలం దక్కకుండా పోలేదు. ఆ తర్వాత టేకు వ్యాపారంలో అత్యధిక భాగం అయిదు తెల్ల కంపెనీల చేతికి వచ్చింది: బాంబే బర్మా, స్టీల్ బ్రదర్స్, మాక్‌గ్రెగర్, ఫూకార్, ఫిన్లే. చిల్లర చెట్లు బర్మా వ్యాపారులకు మిగిలాయి. టేకు యుద్ధనౌకల డెక్కులకు పోయింది, రైలు పెట్టెలకు పోయింది, లండన్ మేడలకు పోయింది.

ఇదే బాంబే బర్మా కంపెనీ ఇప్పటికీ బొంబాయిలో వుంది. యాజమాన్యం వాడియా కుటుంబం చేతికి వచ్చింది. ఆ కుటుంబం పూర్వీకులు బొంబాయి రేవులో టేకుతో ఇంగ్లీషు ఓడలు కట్టిన మేస్త్రీలు. ఇప్పుడు ఆ కంపెనీకున్న పెద్ద ఆస్తి బ్రిటానియా బిస్కెట్ల కంపెనీలో వాటా. పొలం గట్టు మీద టీలో ముంచుకునే బిస్కెట్టు వెనక చరిత్ర ఎంత వుందో చూడండి.

రంగం కూలీ

దుంగ రేవుకు వచ్చాక కథలోకి మనవాళ్లు వస్తారు. సా మిల్లులో దుంగ నెట్టాలి, కోసిన పలక మోయాలి, ఓడలోకి ఎక్కించాలి. పక్కనే బియ్యం మిల్లులు, అక్కడ బస్తా మోయాలి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో కరువు, అప్పు, భూమి లేకపోవడం. బరువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో రంగూన్ ఓడ ఆగేది. డెక్కు మీద పశువుల్లా కుక్కుకుని పోయేవారు.

పంపేది మేస్త్రీ. టిక్కెట్టుకూ, ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలు తినడానికీ ముందు సొమ్ము ఇచ్చేవాడు. ఓడ దిగిన రోజునుంచే కూలీ బాకీదారు. మిల్లు దొర కూలి మేస్త్రీకి ఇస్తాడు, మేస్త్రీ తన బాకీ, తన వాటా పట్టుకుని మిగిలింది కూలీ చేతిలో పెడతాడు. ఎంత ఇచ్చాడో, ఎంత పట్టాడో చదువురాని కూలీ అడగలేడు, దొరకు అక్కరలేదు. ఇప్పటికీ ఇటుక బట్టీలకూ, చెరకు కోతలకూ మన జనం వలస పోయే తీరు చూసినవాళ్లకు ఇది వివరించాల్సిన పని లేదు.

1931 లెక్కల నాటికి రంగూన్ జనాభా 4 లక్షలు. అందులో సగానికి పైగా ఇండియావాళ్లే. తెలుగు కూలీని బర్మావాళ్లు "కొరంగీ" అనేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవునుంచి మొదట వెళ్లారు గనుక ఆ పేరు. 1839 ఉప్పెనలో ఆ రేవు కొట్టుకుపోయింది, పేరు మాత్రం సముద్రం అవతల తిట్టుగా మిగిలింది.

1930 మేలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వీళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఓడల్లో సరుకు ఎక్కించే కంపెనీలు ఏం చేశాయి? ఊళ్లో పని లేక తిరుగుతున్న బర్మా కూలీలను తెచ్చి సమ్మె విరగ్గొట్టాయి. రోజులు గడిచాక సమ్మె పరిష్కారమైంది, తెలుగు కూలీలను మళ్లీ తీసుకున్నారు. మే 26 ఉదయం బర్మా కూలీలు పనికి వస్తే "మీ పని అయిపోయింది, పొండి" అన్నారు. పెళ్లాలతో అన్నం మూటలు తెప్పించుకుని పనికి దిగుదామన్నవాళ్లు రిక్తహస్తాలతో నిలబడ్డారు. ఎవరో ఎగతాళి చేశారు, చెయ్యి లేచింది. తర్వాత కొన్ని రోజులు రంగూన్ వీధుల్లో తెలుగు కూలీల వేట సాగింది. వందమందికి పైగా చచ్చిపోయారు.

చచ్చినవాడు కూలీ, చంపినవాడు కూలీ. రెండు జట్లనూ ఒకే రేవులో ఒకదాని మీదికి ఒకటి నెట్టిన కంపెనీవాడికి గీత పడలేదు. ఈ సంగతి మన కార్యకర్తలు బాగా గుర్తుంచుకోవాలి. ఊళ్లో నాట్లకు పక్క జిల్లా ముఠా దిగినప్పుడు, బీహారువాళ్లు వచ్చి మన కూలి పడగొట్టారన్న మాట లేచినప్పుడు, ముఠాను పిలిపించిందెవరో, ఎంత కూలికి పిలిపించారో ముందు తెలుసుకోవాలి. కూలి రేటు మాట్లాడుకునేటప్పుడు వలస వచ్చినవాళ్లనూ కూర్చోబెట్టుకోవాలి.

బర్మా రైతు కోపం వూరికే పుట్టింది కాదన్నది కూడా చెప్పాలి. తమిళదేశం వడ్డీ వ్యాపారులు నాట్టుకోట్టై చెట్టియార్ల దగ్గర భూములు తాకట్టు పడ్డాయి. ధాన్యం ధర కూలిపోయాక 1930ల చివరికి దిగువ బర్మా వరి జిల్లాల్లో పావువంతు భూమి వాళ్ల పరమైంది. పైన దొర, మధ్యన చెట్టియారు, రేవులో కొరంగీ. ముగ్గురూ పరాయివాళ్లే. దొర అందనంత ఎత్తున వున్నాడు, చెట్టియారు ఇనప్పెట్టె వెనక వున్నాడు, చేతికి అందింది కొరంగీ.

అదే ఏడాది డిసెంబరులో థారవడ్డీ జిల్లాలో రైతులు తిరగబడ్డారు. నాయకుడు సాయా సాన్. తలపన్ను కట్టలేమన్నారు, ఇంటికి కావలసిన వెదురూ కలపా అడవినుంచి ఉచితంగా తెచ్చుకోనివ్వమన్నారు. తిరుగుబాటు మొదట్లోనే ఒక అడవి అధికారి చచ్చిపోయాడు. తౌంగ్యా టేకు తోటలు తొలిరోజుల్లో లేచిన ప్రాంతాల్లో థారవడ్డీ ఒకటి. కత్తులు, తాయెత్తులు పట్టుకుని మరతుపాకుల మీదికి పోయారు. అణచడానికి తెచ్చిన సైన్యంలో ఇండియా సిపాయిలున్నారు. 1931 నవంబరులో సాయా సాన్‌ను ఉరితీశారు.

1942లో జపాను సైన్యం వచ్చింది. నాలుగైదు లక్షలమంది ఇండియావాళ్లు కాలినడకన అరకాన్ మీదుగా, మణిపురం మీదుగా పారిపోయి వచ్చారు. కలరాతో, ఆకలితో వేలాదిమంది దారిలోనే పడిపోయారు. తెల్లవాళ్లకో దారి, నల్లవాళ్లకో దారి అని ఆనాడే గొడవ లేచింది. మిగిలినవాళ్లలో చాలామందికి 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక కాళ్ల కింద నేల కదిలింది. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు. ఆ దశాబ్దంలో సుమారు 3 లక్షలమంది కట్టుబట్టలతో ఓడ ఎక్కారు. మన కోస్తా పట్నాల్లో బర్మా కాలనీలు, బర్మా క్యాంపులు వెలిసింది అప్పుడే. మిల్లులు జాతీయమైతే శేఠ్‌కు పోయేది మిల్లు, తలమీద మోసి బతికేవాడికి పోయింది దేశం.

అడవి మూసి పక్కింటి గొడ్డలి

టేకు సంగతికి వస్తే, 1948లో స్వాతంత్ర్యం రాగానే బర్మా ప్రభుత్వం కలప బోర్డు పెట్టి తెల్ల కంపెనీల కౌలు అడవులు తీసేసుకుంది. మంచి పనే. కాని అడవుల్లో తిరుగుబాట్లు, నగరంలో సైనికులు. 1962 తర్వాత బోర్డు సైన్యానికి ఖజానా అయింది తప్ప అడవిలో వున్న కరెన్, కచిన్ జనానికి ఒక మాట చెప్పే హక్కు రాలేదు.

1988 ఆగస్టులో విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరులో సైన్యం కాల్చి అణచింది. చేతిలో డాలర్లు లేవు, సాయం చేసే దేశం లేదు. సరిగ్గా ఆ నవంబరులో పక్కనున్న థాయిలాండులో వరదలొచ్చాయి. నరికిన కొండలమీదినుంచి మట్టీ దుంగలూ కలిసి జారి ఊళ్లమీద పడి వందలమంది చచ్చిపోయారు. 1989 జనవరిలో థాయి ప్రభుత్వం తన అడవుల్లో నరకడం నిషేధించింది. కాని థాయిలాండు సా మిల్లులకు ఆకలి తీరలేదు గదా! అంతకు నెలముందే థాయి సైన్యాధిపతి రంగూన్ వెళ్లి వచ్చాడు. సరిహద్దు పొడవునా టేకు అడవులు థాయి కంపెనీలకు కౌలుకిచ్చారు. సైనిక ప్రభుత్వానికి డబ్బు వచ్చింది. కలప లారీల కోసం వేసిన రోడ్ల మీదే కరెన్ తిరుగుబాటుదారుల వెంట సైన్యం పోయింది. ఒక్క దెబ్బకు రెండు పనులు.

పదేళ్లు తిరగ్గానే అదే కథ ఉత్తరాన. 1998లో యాంగ్‌ట్సీ వరదల తర్వాత చైనా తన అడవుల్లో నరకడం ఆపింది. కచిన్ కొండలనుంచి యునాన్‌కు లారీల బారులు పెరిగాయి. సొంత అడవిని కాపాడుకున్న దేశం మెచ్చుకోదగ్గదే. అయితే బల్లలూ మంచాలూ చేసే ఫ్యాక్టరీ మూతపడకుండా అడవి మాత్రం మూతపడిందంటే, ఎక్కడో ఇంకొకడి అడవి తెరుచుకుందని అర్థం. ఓక్ తరిగినప్పుడు ఇంగ్లండు చేసింది కూడా అదేగా.

మన దేశం చేతులూ శుభ్రంగా లేవు. 2014 వరకు బర్మా టేకు దుంగలు కొన్న పెద్ద దేశాల్లో మనదీ ఒకటి. మొదట్లో చెప్పిన సింహద్వారాలు అలా వచ్చినవే.

2010నుంచి 2015 వరకు బర్మాలో ఏటా సుమారు 5 లక్షల 46 వేల హెక్టార్ల అడవి పోయిందని ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ లెక్క కట్టింది. మన లెక్కలో 13 లక్షల ఎకరాల పైమాట. ఆ అయిదేళ్లలో ప్రపంచంలో ఇంతకన్నా ఎక్కువ అడవి పోగొట్టుకున్నవి రెండే దేశాలు. 2014 ఏప్రిల్ 1నుంచి దుంగల ఎగుమతి నిషేధించారు. 2016లో ఒక ఏడాదిపాటు దేశమంతా నరకడమే ఆపారు. వేలాది ఏనుగులకు పని పోయింది, వాటితో మావటీలకూ పోయింది.

2015 జనవరిలో కచిన్ అడవుల్లో 155 మంది చైనావాళ్లు దొంగ కలప కేసులో పట్టుబడ్డారు. జులైలో వాళ్లలో 153 మందికి యావజ్జీవం వేశారు. చైనా అభ్యంతరం చెప్పింది. అదే నెలాఖరుకు క్షమాభిక్ష పేరుతో అందరినీ వదిలేశారు. వదలడం తప్పని మేము అనం, వాళ్లలో ఎక్కువమంది కూలికి వచ్చినవాళ్లే. కాని అదే ఏడాది ఏప్రిల్ 7న మన శేషాచలం అడవుల్లో ఏం జరిగింది? ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ తమిళనాడునుంచి వచ్చిన 20 మంది కూలీలను పోలీసులు కాల్చిచంపారు. ఎన్‌కౌంటరన్నారు. బూటకమని హక్కుల సంఘాలన్నాయి. ఆ ఎర్రచందనం కూడా పోయేది ప్రధానంగా చైనాకే. సరుకు ఓడ ఎక్కించే పెద్దలెవరూ ఆ రోజు అడవిలో లేరు.

2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. ఆ ఏడాదే అమెరికా, యూరపు దేశాలు ప్రభుత్వ కలప సంస్థ మీద ఆంక్షలు పెట్టాయి. అయినా టేకు పోతూనే వుంది. ఇప్పుడు యుద్ధనౌకలకు కాదు, కోటీశ్వరుల విలాస నౌకల డెక్కులకు. మూడోదేశం మీదుగా, ఇంకో పేరుతో, పలకలుగా కోసి. కరెన్, కచిన్ ఊళ్లమీద బాంబులు వేయడానికి అయ్యే ఖర్చులో కొంత ఆ పలకలనుంచే వస్తుంది.

ఇక కార్యకర్తలకు ఒక పని చెప్పి ముగిస్తాం. రంగం వెళ్లినవాళ్ల కొడుకులు, మనవలు ఇంకా మన ఊళ్లలో వున్నారు. ఏ రేవులో ఓడ ఎక్కారు, మేస్త్రీ ఏ ఊరివాడు, ముందు సొమ్ము ఎంత తీసుకున్నారు, ఏ మిల్లులో ఏ పని చేశారు, 1930లో గాని 1942లో గాని 1964లో గాని ఇంట్లో ఎవరు పోయారు, ఎవరు తిరిగి వచ్చారు. ఈ వివరాలు ఊరూరా అడిగి నోటుబుక్కులో రాయండి. పాత పాసుపోర్టులూ, ఓడ టిక్కెట్లూ వుంటే ఇంట్లోవాళ్ల దగ్గరే వుంచి నకలు తీసుకోండి. ముసలమ్మలను ముందు అడగండి. మగవాళ్లు ఓడెక్కి పోయాక బాకీ తీర్చింది వాళ్లే గనుక అంకెలు వాళ్లకే బాగా గుర్తు. రాసినవి మండల సంఘం ఆఫీసులో ఇస్తే మాకు చేరతాయి.